గోండుల చరిత్ర రాస్తానంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

కొమురం భీం మీద నువ్వు రాస్తున్న నవల మొదటి భాగం చదివాను. చెయ్యి తిరుగుతోంది, అందులో సందేహం లేదు. కానీ తుపాకుల మోతే తప్ప గోండుల మాట వినబడలేదు. పోడు భూములు రిజర్వు ఫారెస్టులో కలిపేసుకోవడం, మేతకు పన్ను కట్టమనడం లేకుండా 1940లో జోడేఘాట్‌లో భీం పోరు ఎందుకు జరిగిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఇంకోటి, 'లిపి లేని జాతి' అని రాశావు. ఆ మాట కొట్టెయ్. నార్నూర్ దగ్గర గుంజాలలో గోండి చేతిరాత పుస్తకాలు ఇళ్లల్లోనే దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది.

భీం చనిపోయాక నిజాం సర్కారు గోండుల సంగతి చూడమని మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. మార్లవాయి అనే గోండు ఊళ్లో ఉండి ఆయన రాసినవి తప్పక చదువు. కాకపోతే ఆయన్ని పిలిపించింది ఎవరో గుర్తుపెట్టుకుని చదువు.

అసలు చరిత్ర గోండుల కథాగాయకులైన ప్రధాన్ల దగ్గరుంది. గోండు వంశాల పుట్టుపూర్వోత్తరాలు, వాళ్ల పురాణ పురుషుడు పహండి కుపార్ లింగో గుహలోంచి పెద్దల్ని విడిపించిన కథ, అన్నీ కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ పాడేది వాళ్లే. కెస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లు. పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లు కాలినడకన గోదావరి జలం తెస్తారు. జాతర సందట్లో రికార్డర్ తీయకు, ఎవరికీ వినబడదు. అక్కడికొచ్చే ప్రధాన్ల ఊరు ఎక్కడో కనుక్కుని, పనులు లేని రోజుల్లో మళ్లీ వెళ్లు. పాడినవాళ్ల పేరు వెయ్యమంటారో వద్దంటారో అడుగు. వెయ్యమంటే పుస్తకంలో నీ పేరు పక్కనే ఉండాలి, వెనక పేజీలో చిన్నక్షరాల్లో కాదు.

భీం వర్ధంతి తేదీ దగ్గర తికమకపడ్డావు. అక్కడివాళ్లు ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తారు. నువ్వూ పౌర్ణమి అనే రాయి.

ఇంద్రవెల్లి జోలికి వెళ్తానన్నావు. అక్కడ గోండుల మీద 1981 ఏప్రిల్ 20న జరిగిన పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. జనం చెప్పేది అంతకు ఎన్నో రెట్లు. రెండూ రాయి, ఏది ఎవరి లెక్కో చెప్పి రాయి. నీ లెక్క ఒకటి కల్పించకు.

రాతప్రతి పూర్తయితే ముందు ఆ ఊళ్లోనే గోండి వచ్చినవాళ్లతో చెప్పించి వినిపించు. తప్పులు పడతారు, టెన్షన్ పడకు. అవన్నీ దిద్దాక నాకు పంపు. జోడేఘాట్ కాల్పుల ఘట్టం మాత్రం సగానికి సగం తగ్గించు.

మీ అన్న