బండి ఎత్తుకు మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: నమస్తే సార్. మాది నల్గొండ జిల్లా హాలియా. ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతాను. వయసు 37. ఇంట్లో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. షాపు ఖర్చులు పోను నెలకు సగటున లక్షా పది వేలు మిగులుతాయి. ఇంటి ఖర్చు 42,000. పద్నాలుగు నెలల కింద సెకండ్ హ్యాండ్ ఫార్చునర్ ఫోర్ బై ఫోర్ తీసుకున్నాను. 16 లక్షల లోన్, ఐదేళ్లు, ఈఎంఐ 34,800. ఎనిమిది నెలల కింద దానికి సస్పెన్షన్ లిఫ్ట్ చేయించి (అంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి బండి ఎత్తు పెంచి), పెద్ద టైర్లు, కొత్త వీల్స్ వేయించాను. మొత్తం 3.40 లక్షలైంది. అందులో 1.40 లక్షలు క్రెడిట్ కార్డు మీద ఏడాది ఈఎంఐ పెట్టాను, నెలకు 12,850. మిగతా 2 లక్షలు తెలిసినాయన దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నోటు రాసి, సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు రెండు ఇచ్చాను.

ఇప్పుడు చిన్న గుంతలో పడ్డా నడుం అదిరిపోతోంది. హైవే మీద స్టీరింగ్ ఒక చోట నిలవదు. ముందు టైర్లు లోపలి వైపు అరిగిపోయాయి. యాక్సిల్ బూట్లు (యాక్సిల్ కీళ్ల మీది రబ్బరు తొడుగులు) చిరిగి గ్రీజు బయటికి కొడుతోంది. ఈ రిపేర్లకే 38,000 పెట్టాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బండి ఎక్కలేకపోతోంది. ఆమె కోసం డిక్కీలో ప్లాస్టిక్ స్టూల్ పెట్టుకుని తిరుగుతున్నాం. అప్పర్ ఆర్మ్స్ (ముందు చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే కడ్డీలు) మారిస్తే సెట్ అవుతుందని, 80,000 అవుతుందని మెకానిక్ అంటున్నాడు. ఆ డబ్బు యాప్‌లో లోన్ తీసుకోనా? లేక బండి మీద టాప్-అప్ (ఉన్న లోన్ మీదే అదనపు లోన్) తీసుకుని అప్పులన్నీ ఒకేసారి తీర్చేయనా? పాత స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లతో సహా పాత అల్లాయ్ వీల్స్ గోదాంలో యూరియా బస్తాల వెనక ఉన్నాయి. బ్యాంకులో 18,000 ఉన్నాయి. మూడు రూపాయల వడ్డీ సంగతి మా ఆవిడకు తెలియదు.

జవాబు: యాప్ లోన్ తీసుకోకండి. మిగతాదంతా చదివే లోపు ఎక్కడ ఓకే నొక్కేస్తారో అని ఈ మాట ముందే చెబుతున్నాను.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ఉంది. అప్పు చేసి పెట్టిన ఖర్చు బెడిసికొడితే, పెట్టిన డబ్బు వృథా కాకూడదని ఇంకో అప్పు చేసి దాని మీదే పెట్టడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఒక బోరు ఫెయిలైతే రెండోది, అదీ ఫెయిలైతే మూడోది వేయించి మునిగిన రైతులు మీ షాపుకే వస్తుంటారు. మూడో బోరు వేయించబోయే రైతు మిమ్మల్ని సలహా అడిగితే మీరు ఏం చెబుతారో, ఈ 80,000 గురించి నేనూ అదే చెబుతాను.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది లిఫ్ట్ కిట్ కాదు, చివర్లో రాసిన 18,000. మీ ఇంటి ఖర్చు, బండి ఈఎంఐ కలిపితేనే నెలకు 76,800. అంటే రోజుకు రెండున్నర వేల పైమాటే. షాపు మూతపడినా, మీరు మంచం పట్టినా ఆ 18,000 వారం రోజులు వస్తాయి. కార్డు ఈఎంఐ, మూడు రూపాయల వడ్డీ కూడా లెక్కేస్తే వారం కూడా రావు. ఐదుగురున్న ఇల్లు, 13 లక్షల దాకా మిగిలున్న బండి లోన్, చేతిలో వారం రోజుల డబ్బు. ఈ పరిస్థితిలో బండి స్టీరింగ్ గురించి ఆలోచించే తీరిక మీకు ఎలా దొరికిందో నాకు అర్థం కాలేదు.

మీది నెల జీతం కూడా కాదు. లక్షా పది వేలు అనేది ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే వచ్చిన లెక్క. రైతులు వానాకాలం మందులు ఉద్దెర తీసుకెళ్తారు, వడ్లు అమ్మాక కడతారు. యాసంగిలోనూ అంతే. అంటే మీ చేతికి డబ్బు ఏడాదికి రెండు సార్లు గుంపుగా వస్తుంది, మధ్య నెలల్లో గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. సాగర్ ఎడమ కాలువకు ఒక సీజన్ నీళ్లు వదలకపోతే ఆ ఉద్దెర ఆర్నెల్లు వెనక్కి పోతుంది. కంపెనీ డీలర్ మాత్రం స్టాకు డబ్బులకు ఆగడు. బ్యాంకు వాడు ఈఎంఐకి అసలే ఆగడు. ఇలాంటి ఆదాయం ఉన్నవాళ్లకు ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలని నేను ఎప్పుడూ చెబుతాను. మీ లెక్కలో అది 4 లక్షల 60 వేలు. మీరు లిఫ్ట్‌కు, దాని రిపేర్లకు పెట్టింది 3 లక్షల 78 వేలు.

ఆ 3.78 లక్షలు చేతిలో ఉన్న డబ్బు కాదు, అప్పే కదా అని మీరనవచ్చు. కానీ అప్పు తీర్చడానికి నెలనెలా కడుతున్నది నిజమైన డబ్బే. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. రెండు లక్షలకు నెలకు ఆరు వేలు. ఎనిమిది నెలల్లో 48,000 కట్టారు, అసలు రెండు లక్షల్లో ఒక్క రూపాయి తగ్గలేదు. కార్డు ఈఎంఐ, ఈ వడ్డీ కలిపి నెలకు 18,850 పోతోంది. లిఫ్ట్ చేయించకపోయి ఉంటే, అదే డబ్బు ఎనిమిది నెలలు పక్కన వేస్తే ఈ పాటికి లక్షన్నర జమయ్యేది.

ఇక మెకానిక్ మాట. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, సగం నిజం. ముందు వైపు ఎత్తు పెంచితే చక్రం నిలబడే కోణం మారుతుంది, అందుకే టైరు లోపలి అంచు అరుగుతోంది. అప్పర్ ఆర్మ్స్ మారిస్తే ఆ అలైన్‌మెంట్ చాలావరకు సరి అవుతుంది. కానీ బూట్లు చిరుగుతున్నది యాక్సిల్ షాఫ్టులు ఉండాల్సిన దానికంటే ఏటవాలుగా తిరగడం వల్ల. ఆర్మ్స్ మార్చినంత మాత్రాన ఆ ఏటవాలు పోదు. దానికి డిఫరెన్షియల్‌ను, అంటే ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టెను, కిందికి దించే ఇంకో కిట్ కావాలంటారు. ఎత్తు పెరిగి బరువు పైకి పోయింది కాబట్టి మలుపుల్లో బండి ఒరగడం ఎలాగూ ఉంటుంది. డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాట్‌లో పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోవాలి. అమ్మ ఎక్కాల్సిన ఎత్తు మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గదు. 80,000 పెట్టాక కూడా డిక్కీలో స్టూల్ ఉంటుందన్నమాట.

కాలువ గట్ల మీద, పొలం బాటల్లో తిరగడానికి చేయించానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. మీ ఆయకట్టులో తిరగడానికి ఆ బండికి కంపెనీ ఇచ్చిన ఎత్తే చాలు.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. పాలసీ ఉండే ఉంటుంది, కానీ లిఫ్ట్ సంగతి కంపెనీకి చెప్పి ఉండరు. చెప్పని మార్పు ఉన్న బండి బోల్తా పడితే సర్వేయర్ మొదట చూసేది కిందనే. ప్రమాదానికి ఈ మార్పే కారణమని రాస్తే ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే మీ సొంత బండి నష్టానికి రావాల్సిన డబ్బు, ఆగిపోవచ్చు. అప్పుడు బండి ఉండదు, 13 లక్షల లోన్ ఉంటుంది. ఆ రోజున కూడా మీ దగ్గర ఉండేది ఆ 18,000 మాత్రమే. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మీ బండిలో మార్పులు ఒకటి కాదు, గమనించండి.

టాప్-అప్ గురించి. లెక్క ప్రకారం 36 శాతం అప్పును బండి లోన్ వడ్డీకి మార్చుకుంటే లాభమే, కాదనను. కానీ అప్పులన్నీ ఒక చోటికి చేర్చి, చేతిలో పైసా లేకుండా మిగిలిన వాళ్లు ఏడాది తిరగకుండానే మళ్లీ అదే మూడు రూపాయల మనిషి దగ్గరికి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. పిల్లాడికి జ్వరం ముదిరి హైదరాబాద్ తీసుకెళ్తే ఆస్పత్రి కౌంటర్‌లో ముందు అడ్వాన్స్ కట్టమంటారు. ఆ రాత్రి ఎక్కడి నుంచి తెస్తారు? ఖాళీగా ఉన్న కార్డు గీకుతారు, లేదా మళ్లీ నోటు రాస్తారు. టాప్-అప్ మీ పాత అప్పుకు మందు, కొత్త అప్పు రాకుండా అది ఆపదు. చిట్టీ తొందరగా పాడుకోవడం, షాపు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) వాడుకోవడం కూడా ఇలాంటివే, వాటి జోలికి పోవద్దు.

నేను చేయమనేది ఇది. పాత స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వీల్స్ తీసి మళ్లీ వేయించండి. లేబర్, చిరిగిన బూట్లు, ఎండిపోయిన బుష్‌లు, అలైన్‌మెంట్ కలిపి 20,000 దాకా పెట్టుకోండి. తీసేసిన కిట్, పెద్ద టైర్లు, వీల్స్ అమ్మకానికి పెట్టండి. పెట్టిన దాంట్లో సగం కూడా రాకపోవచ్చు, బాధపడుతూ కూర్చోవద్దు. లక్ష వస్తే ఒప్పుకోండి. రిపేరు ఖర్చు పోగా 80,000 మిగులుతాయి. ఆ డబ్బు అప్పుకు కట్టకండి. షాపు కరెంట్ అకౌంట్‌తో సంబంధం లేని బ్యాంకులో, మీ ఇద్దరి పేరు మీద ఖాతా తెరిచి అందులో వేయండి.

36 శాతం వడ్డీ పెరుగుతుంటే పొదుపు ఖాతాలో డబ్బు పెట్టడమేంటని లెక్కలు తెలిసినవాళ్లు అడుగుతారు. మామూలు రోజుల్లో అది సరైన ప్రశ్నే. కానీ కాలువకు నీళ్లు రాని సీజన్‌లో హాలియాలో సగం మంది వ్యాపారులు ఒకే మనిషి గుమ్మం ముందు నిలబడతారు. అప్పుడు మూడు రూపాయలు ఐదు అవుతుంది, లేదా ఆయన లేవంటాడు. కట్టేసిన డబ్బును ఆ రోజు వెనక్కి అడగలేరు.

మూడు రూపాయల అప్పును మాత్రం అలాగే వదలమనడం లేదు. దానికి ముందు మీ ఆవిడకు ఈ విషయం చెప్పాలి. ఎనిమిది నెలలుగా నెలకు ఆరు వేలు ఇంటి నుంచి పోతుంటే ఆమెకు తెలియకపోవడం అన్యాయం. ఆమె బంగారం ఉండి, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకుని ఆ రెండు లక్షలు ఒకేసారి తీర్చేయండి. వడ్డీ నెలకు రెండు వేల లోపు వస్తుంది. బంగారం మీద డబ్బు తెచ్చి బండికి మాత్రం ఒక్క రూపాయి పెట్టొద్దు. ఆమె వద్దంటే ఆ మాటకు విలువ ఇచ్చి, టాప్-అప్ నుంచి ఆ రెండు లక్షల వరకే తీసుకోండి, బండి పాత రూపానికి వచ్చాక.

డబ్బు కట్టిన రోజే నోటు, రెండు చెక్కులు చేతికి తీసుకోండి. తర్వాత ఇస్తానంటే కట్టకండి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు మీద ఎవరైనా అంకె వేసుకుని బ్యాంకులో వేస్తే, అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కేసు మీ మీదికి వస్తుంది. రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా అందులో ఉన్నాయి. తెలిసినాయనే కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు.

గోల్డ్ లోన్‌కు మారితే వడ్డీలో మిగిలే నాలుగు వేలు నెలనెలా కొత్త ఖాతాకు పోవాలి. ఇంకో నాలుగు నెలల్లో కార్డు ఈఎంఐ అయిపోతుంది. ఆ 12,850 చేతికి రావడం మొదలవగానే గోల్డ్ లోన్ అసలుకు కట్టండి, పదహారు నెలల్లో బంగారం ఇంటికి వస్తుంది. ఆ తర్వాత నెలకు దాదాపు 17,000 ఖాతాకే. మీకు నెలనెలా కుదరదు కాబట్టి ఉద్దెర వసూలైన వారంలోనే ఆరు నెలల వాటా, అంటే లక్ష, ఒకేసారి వేసేయండి. డీలర్‌కు స్టాకు డబ్బు కట్టకముందే వేయాలి. తర్వాత వేద్దామంటే మిగలదు.

కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బు వచ్చే జీవిత బీమా, ఈ నెలలోనే తీసుకోండి. 37 ఏళ్ల మనిషికి ఇద్దరు పిల్లలు, 13 లక్షల లోన్ ఉండి టర్మ్ ప్రస్తావనే లేకపోవడం నాకు నచ్చలేదు. హెల్త్ పాలసీలో అమ్మ పేరు ఉందో లేదో చూసుకోండి. మ్యూచువల్ ఫండ్లు, ప్లాట్లు వగైరా ఇప్పుడు వద్దు.

బండి అమ్మేయమంటారా అని మీరు అడగలేదు. నేనూ ఇప్పుడే అమ్మమనడం లేదు. ఫార్చునర్‌కు సెకండ్ హ్యాండ్‌లో మంచి గిరాకీ ఉంటుంది, పాత రూపానికి తెస్తే ఇంకా సులువుగా పోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ కొత్త ఖాతాలో కనీసం లక్షా పాతిక వేలు లేకపోతే మాత్రం ఆలోచించకుండా అమ్మేసి, లోన్ కట్టేసి, అమ్మ కాలు పెట్టి ఎక్కగలిగే చిన్న కారు నగదుతో తీసుకోండి.