పాత కామరోకి నాలుగో గేరు

ప్రశ్న: మా పెదనాన్నగారి 1969 షెవర్లే కామరో ఇప్పుడు నా దగ్గరుంది. 350 ఇంజన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ రేషియో 3.73 (చక్రం ఒకసారి తిరగాలంటే షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి). ఊళ్ళో బ్రహ్మాండంగా లాగుతుంది గానీ ఔటర్ ఎక్కి వంద మీద పెడితే ఇంజన్ ఒకటే అరుపు, పక్క సీట్లో మా ఆవిడ మాట వినపడదు. ఓవర్‌డ్రైవ్ (అదే వేగంలో ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే నాలుగో గేరు) ఉన్న గేర్‌బాక్స్ వేయిద్దామంటే ఒకరు 700ఆర్4 అంటారు, ఒకరు 200-4ఆర్ అంటారు, ఇంకొకరు 4ఎల్80ఈ. ఏది మంచిది? పాత కిక్‌డౌన్ కేబులే సరిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు.
— ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: సరిపోదు. ముందు ఆ కేబుల్ సంగతి ఆయనకి చెప్పండి, మిగతాది తర్వాత.

మీ టర్బో 350లో ఆ కేబుల్ పని గట్టిగా తొక్కినప్పుడు కింది గేరులోకి దింపడం, అంతే. 700ఆర్4లో, 200-4ఆర్‌లో ఉండేది టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మీరు యాక్సిలరేటర్ ఎంత నొక్కితే లోపల ఆయిల్ ప్రెషర్ అంత పెరగాలని చెప్పేది అదే. అది వదులుగా ఉందంటే ప్రెషర్ చాలదు, క్లచ్ ప్లేట్లు జారతాయి, కాలతాయి. మా స్నేహితుడి బండిలో కొత్తగా కట్టించిన బాక్సు షెడ్డు నుంచి ఇంటికి చేరేలోపే పోయింది, కారణం ఇదే. కార్బురేటర్ దగ్గర లివర్, బ్రాకెట్ దానికి సరిపడేవి పెట్టించి, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా లాగుతోందో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి.

ఇక ఏది మంచిదంటే, మీ బండికి నా ఓటు 200-4ఆర్‌కే. మీ టైరు ఎత్తు 26 అంగుళాలు అనుకుంటే వంద దగ్గర ఇంజన్ ఇప్పుడు నిమిషానికి సుమారు 3000 సార్లు (ఆర్‌పీఎం) తిరుగుతోంది. 700ఆర్4 టాప్ గేరు రేషియో 0.70 (అంటే షాఫ్ట్ ఒకసారి తిరగడానికి ఇంజన్ 0.70 సార్లు తిరిగితే చాలు), దాంతో 2100కి దిగుతుంది, 200-4ఆర్‌ది 0.67, దాంతో 2000. మీ ఆవిడ మాట వినపడడానికి రెండూ ఒకటే. తేడా అంతా మొదటి గేరులో ఉంది. 700ఆర్4 మొదటి గేరు 3.06, రెండోది 1.63, అంటే గేరు మారగానే ఆర్‌పీఎం దాదాపు సగానికి పడిపోతుంది. యాక్సిల్ 3.08 లాంటిదైతే ఆ లోతైన మొదటి గేరు వరమే, కానీ 3.73తో సిగ్నల్ దాటేలోపే అయిపోతుంది. 200-4ఆర్‌లో మొదటిది 2.74, రెండోది 1.57, మీ 350 ఇంజన్‌కి హాయిగా నడుస్తుంది.

పైగా దాని పొడవు మీ టర్బో 350 అంతే, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించక్కర్లేదు, క్రాస్ మెంబర్ కాస్త వెనక్కి జరిపితే చాలు. 700ఆర్4 మూడు అంగుళాలు పొడుగు, షాఫ్ట్ తగ్గించి మళ్ళీ బ్యాలెన్స్ చేయించాలి. మామూలు ఫ్యామిలీ కార్లలోంచి తీసిన 200-4ఆర్ నాజూకే, ఒప్పుకుంటా, కానీ బ్యూక్ గ్రాండ్ నేషనల్ టర్బో ఇంజన్ వెనక ఉన్నదీ ఇదే, మంచి పార్టులతో కట్టిస్తే తట్టుకుంటుంది. 700ఆర్4 కే మొగ్గితే మాత్రం 1987 తర్వాతది చూసుకోండి.

4ఎల్80ఈ మోటు సరుకు, టర్బో 400 అనే పాత బరువైన గేర్‌బాక్స్ వంశం. బరువెక్కువ, దానికో కంప్యూటర్ కావాలి, మొదటి గేరు 2.48, టాప్ 0.75. ఆరేడు వందల హార్స్‌పవర్ ఉంటే అప్పుడడగండి.

ఏదైనా సరే లాకప్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ జారకుండా బిగించేది) వైరింగ్ ఎగ్గొట్టకండి. అది పనిచేయకపోతే ఓవర్‌డ్రైవ్‌లో కన్వర్టర్ జారుతూ ఆయిల్‌ని వేడెక్కిస్తుంది, మన మే నెల ఎండలో అసలే చెప్పక్కర్లేదు. విడిగా ఓ ఆయిల్ కూలర్ కూడా పెట్టించండి.

పాత టర్బో 350ని మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి, మూతులన్నీ మూసి గుడ్డ చుట్టి మూల పెట్టండి. యాభై ఏళ్ళు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలని రేపు మీకు అనిపించవచ్చు, అప్పుడు ఒరిజినల్ గేర్‌బాక్స్ ఏదని అడిగినా అడగవచ్చు.