మేనల్లుడికి, ఐకాన్ (చర్చిలో పెట్టే పవిత్ర చిత్రం) పని గురించి

చిరంజీవి మేనల్లుడికి, కైరో నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన మారి గిర్గిస్ (సెయింట్ జార్జ్) బొమ్మ చూశాను. కళ్లు పెద్దవి, నోరు చిన్నది, అంతే. మన కాప్టుల (ఈజిప్టు క్రైస్తవుల) ఐకాన్ చిత్రకారుడు ఐజాక్ ఫానూస్ గారి బొమ్మ చూసి దించావని ఎవరైనా పట్టేస్తారు. ఆయన (1919–2007) ఆ కళ్లు ఊరికే తెచ్చుకోలేదురా. ఫయ్యూమ్ మమ్మీల మీది ముఖచిత్రాలు, బావీత్ మఠం బొమ్మలు చూసీ చూసీ, పారిస్‌లో రష్యన్ ఐకాన్ చిత్రకారుడు ఉస్పెన్‌స్కీ దగ్గర ఐకాన్ పని నేర్చుకుని, అప్పుడు తన గీత పట్టుకున్నారు. నువ్వూ మూలానికే పో. కాప్టిక్ మ్యూజియంలో ఒక్క బొమ్మ ముందు గంటసేపు కూర్చో. ఫోను తీయకు. పక్కనే ముఅల్లక చర్చి. అక్కడి ఐకాన్లలో కొన్ని 18వ శతాబ్దంలో యుహన్నా అనే ఆర్మేనియన్ వేసినవే. అచ్చమైన కాప్టిక్ అంటే ఇదేనని నీతో వాదించేవాళ్లను అక్కడికి తీసుకెళ్లు.

ఇక పలక. చెక్క మీద గుడ్డ అంటించి, సుద్దా జిగురూ కలిపి పల్చగా ఏడెనిమిది పూతలు వెయ్యి. నేను మొదట్లో తొందరపడి మందంగా రెండే పూసి ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది. నీడలోనే ఆరాలి, పూతకూ పూతకూ మధ్య ఓపిక పట్టాలి.

గుడ్డులో పచ్చసొనే కావాలి. అరచేతిలో దొర్లించి తెల్లసొన పోగొట్టు, పొర పట్టుకుని పొడిచి సొన మాత్రం గిన్నెలోకి దించు. నీళ్లు, రెండు చుక్కల వెనిగర్. ఆరాక వేలితో రుద్దితే రంగు అంటిందంటే సొన తక్కువైనట్టు, జిడ్డుగా మెరిస్తే ఎక్కువైనట్టు. ఉపవాస దినాల్లో మా ఇంట్లో గుడ్లు కొనేది ఈ రంగులకే. మీ అత్తయ్య గొణుగుతూనే ఉంటుంది. అక్రిలిక్ వాడేవాళ్లను తప్పుపట్టను కానీ, నా దగ్గర నేర్చుకుంటే మాత్రం సొనతోనే.

నీ గిర్గిస్ కనుబొమలు ముడివేశాడు. అది తీసెయ్. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మన హతసాక్షుల ముఖాల్లో కోపం గానీ నొప్పి గానీ కనపడదు. 2015లో లిబియాలో చంపేసిన 21 మంది క్రైస్తవులకు వేసిన ఐకాన్లు చూడు, కత్తి కంటే కిరీటాలే ముందు కనిపిస్తాయి.

శుక్రవారం రా. ఆ బొమ్మ తేనక్కర్లేదు, ఖాళీ చెక్క ఒకటి పట్టుకురా.

మామయ్య