మాత్ర సంగతి తర్వాత, ముందు బీపీ చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. ఏడాదిగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. మొదలవుతుంది, మధ్యలోనే సడలిపోతుంది. కూర్చుని చేసే ఉద్యోగం, పొట్ట వచ్చింది. రోజుకు పది సిగరెట్లు కాలుస్తాను. పడుకునేసరికి రాత్రి ఒంటిగంట. ‘నామీద ఇష్టం పోయిందా?’ అని మా ఆవిడ అడిగితే తల దించుకున్నాను. స్నేహితుడు ఒక మాత్ర ఇచ్చాడు, వేసుకోవచ్చా? (పేరు వేయకండి)

జవాబు: ఆ మాత్ర ప్రస్తుతానికి డ్రాయర్‌లోనే ఉండనివ్వండి. మీ ఉత్తరంలో నేను మొదట ఎర్ర గీత గీసుకున్నది ‘పది సిగరెట్లు’ అన్న మాట కింద.

అంగానికి రక్తం తెచ్చే ధమనులు ఒకటి, రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటాయి. గుండెకు వెళ్లేవి మూడు, నాలుగు మిల్లీమీటర్లు. పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్... ఏది ధమనుల లోపలి పొరను పాడుచేసినా ముందు మొరాయించేది సన్నవే. నాళాలను వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది ఆ పొరలోనే. గుండెనొప్పి వచ్చినవాళ్లను అడిగితే చాలామంది రెండు మూడేళ్ల ముందు నుంచే ఈ ఇబ్బంది ఉందంటారు, అదీ గుచ్చి గుచ్చి అడిగితేనే. ఇదే ఫిర్యాదుతో నా దగ్గరికొచ్చిన ఒకాయనకి బీపీ చూస్తే 170/110. తలనొప్పి కూడా లేదాయనకి!

నిద్ర సంగతీ చిన్నది కాదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను వారం పాటు రోజుకు ఐదు గంటలే పడుకోనిస్తే పగటిపూట మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. పొట్టకి కూడా మందుంది. 2004లో ఇటలీ డాక్టర్లు ఊబకాయం ఉన్న 55 మందికి తిండి తగ్గించి, నడిపించి, బరువు దింపారు. రెండేళ్లు తిరిగేసరికి 17 మందికి స్తంభన మామూలైంది. మాత్రతో కాదు, చెప్పులు అరగదీసి.

తెల్లవారుజామున నిద్రలో స్తంభన వస్తోందో లేదో మీరు రాయలేదు. బాగానే వస్తుంటే దిగులు, అలసట వైపు ఎక్కువగా చూస్తాం. ఏదైనా సరే బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ ఈ వారంలోనే చేయించండి. టెస్టోస్టిరాన్‌కి రక్తం ఉదయం పూటే ఇవ్వాలి. రిపోర్టులు చూశాక డాక్టరే మాత్ర రాస్తే నిక్షేపంగా వాడుకోండి. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం దాన్ని ముట్టకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. స్నేహితుడికి పడింది కదా అని మీకూ పడాలని లేదు.

ఇక మీ ఆవిడ అడిగినదానికి జవాబు ఇంకా బాకీ ఉంది. ఏడాదిగా ఆవిడ తనలోనే ఏదో లోపం ఉందేమోనని వెతుక్కుంటూ ఉండొచ్చు. నోట మాట రాకపోతే ఈ పేజీ మడిచి ఆవిడ చేతికివ్వండి. పరీక్షలకి ఇద్దరూ కలిసి వెళ్లండి.