నేపియర్ గడ్డి తెల్లబడుతుంటే జింక్ వేయాలా? మా 20 సెంట్లలో జరిగింది ఇది

"సున్నపు నేలలో నేపియర్ పెట్టాను, యూరియా ఎంత వేసినా పచ్చబడటం లేదు. జింక్ వేస్తే గడ్డి, పాలు రెండూ పెరుగుతాయా?" అని అడిగారు. గడ్డి సంగతి కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నా.

మాది తాడిపత్రి పక్క పల్లె. కాస్త తవ్వితే నాపరాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. రెండు ఎనుముల కోసం 20 సెంట్లలో నేపియర్ పెట్టాం. రెండో కోతకే లేత ఆకుల మొదట్లో, నడి ఈనెకు అటూ ఇటూ సున్నం పూసినట్టు చారలు. (ఆకంతా తెల్లబడి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుప లోపం, దానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్). ఈ రెండింటికీ తేడా తెలియకుండానే సలహాలిచ్చేవాళ్లు ఊరికి పదిమంది.) మా చిన్నాయన "యూరియా చాల్లేదురా" అన్నాడు. ఇంకో పది కిలోలు చల్లాం. మార్పు లేదు. మందుల అంగడాయన డీఏపీలో (భాస్వరం ఎరువు) జింక్ సల్ఫేట్ కలిపి చల్లమని, పైగా ఒక పచ్చ సీసా అంటగట్టాడు. అందులో ఏముందో లేబుల్ చదివినా అర్థం కాలేదు, ఆవు బొమ్మ మాత్రం బాగుంది.

జింక్‌కూ భాస్వరానికీ పడదండీ. కలిపితే కరగకుండా బిగుసుకుంటుంది, వేరుకు అందదు. ఆ డబ్బులు పోయాకే మట్టి పరీక్ష చేయించాను. ఉదజని సూచిక (పీహెచ్) 8.4, అంటే క్షార నేల. జింక్ 0.4 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.4 పాలు). 0.6 కన్నా తగ్గితే లోపమే.

ఈసారి 16 లీటర్ల ట్యాంకుకు 32 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ మొదలుపెట్టాను. ముందు రాత్రంతా కరెంటు లేదు, మా ఊళ్లో అది మామూలే. పదమూడో సాలు దగ్గర బ్యాటరీ పంపు మూలిగి ఆగిపోయింది. మర్నాడు పెళ్లికి ఊరెళ్లాం, మిగతాది అలాగే వదిలేశాను.

పది రోజులకు వచ్చి గెనిమ మీద నిలబడితే గీత గీసినట్టు కనబడింది. పదమూడో సాలు దాకా కొత్త ఆకులు ముదురు పచ్చ, ఆ తర్వాత పాలిపోయిన గడ్డి. చిన్నాయన మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి "ఆ పక్క నీళ్లు ఎక్కువ పారినాయిలే" అన్నాడు.

మట్టిలోనే వేయాలంటే ఎకరాకు 20 కిలోలు, డీఏపీకి కనీసం మూడు రోజులు ఎడం. సున్నపు నేలలో అదీ చాలావరకు బిగుసుకుపోతుంది, అందుకే నా ఓటు పిచికారీకే.

పాలంటారా, మా పెద్ద ఎనుము పూటకు అర లీటరు ఎక్కువిచ్చింది. జింక్ వల్లేనని నేను ఎక్కడైనా చెప్తాను. శనక్కాయ చెక్క పెట్టడం కూడా ఆ నెలలోనే మొదలైందని మా ఆవిడ గుర్తు చేస్తూ ఉంటుంది.