గుర్రాల పనికి వెళ్తున్న మేనకోడలికి

చి. శ్రావ్యకు, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు డాలస్‌లో బంగారం లాంటి ఉద్యోగం మానేసి, కొలరాడోలో ఏదో గెస్ట్ ర్యాంచ్‌లో, అంటే సెలవులకు వచ్చే అతిథులను ఉంచుకుని గుర్రాలెక్కించే చోట, గుర్రాల పనికి వెళ్తానంటున్నావని, ఇదంతా నా చలవేనని అరగంట దులిపిపెట్టాడు. నలభై ఏడో ఏట లెక్కల పుస్తకాలు మూసేసి వెళ్లి, ఆరు వేసవులు అదే పని చేసి వచ్చినదాన్ని కాబట్టి నోరు మూసుకుని విన్నాను. నిన్ను ఆపమన్నాడు. ఆపను. కానీ నువ్వు పంపిన మెసేజ్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘మనుషులతో విసిగిపోయాను అత్తయ్యా, గుర్రాలతో హాయిగా ఉంటాను’ అన్నావు. అదే నిజమైతే నువ్వు వెళ్లవలసిన చోటు అది కాదు.

పశువుల ర్యాంచ్‌లో పంట ఆవులు, దూడలు. గెస్ట్ ర్యాంచ్‌లో పంట చుట్టాలే. ఆ వ్యాపారం పుట్టుకే అలాంటిది. 1880లలో డకోటాలో ఈటన్ అన్నదమ్ముల దగ్గరికి తూర్పు నగరాల నుంచి స్నేహితులు చుట్టపుచూపుగా వచ్చి వారాల తరబడి ఉండిపోయేవారు. ఆ మర్యాదలు మోయలేనంత అయ్యాక, తిండికీ గుర్రానికీ డబ్బు పుచ్చుకోవడం మొదలైంది. 1904లో వాళ్లు వయోమింగ్‌కు మారారు. 1926 నాటికి ఇలాంటి ర్యాంచ్‌ల యజమానులకు ఒక సంఘం కూడా ఏర్పడింది. ఇప్పటికీ వారానికొక గుంపు వస్తుంది. జీవితంలో గుర్రాన్ని ముట్టుకోనివాళ్లు సగం మంది ఉంటారు. వాళ్లను ఎక్కించి, కొండ మీదికి తీసుకెళ్లి, క్షేమంగా దించడం ర్యాంగ్లర్ పని, అంటే గుర్రాలు చూసుకునే మన పని. రాత్రి వాళ్ల పక్కనే కూర్చుని భోంచేస్తూ నవ్వుతూ కబుర్లు చెప్పడం కూడా పనే.

ఇది గుర్రాల పని ఎలా అవుతుందంటావా? కొత్తవాడు భయంతో కళ్లెం పగ్గాలు లాగితే ఆ లాగుడంతా గుర్రం నోటికి తగులుతుంది. వాడు జీనులో బియ్యం బస్తాలా ధబీమని కూలబడితే దాని వెన్నుకు తగులుతుంది. సోమవారం ఉదయం అయిదు నిమిషాలు ఓపిగ్గా నిలబడి, చేతులు మెత్తగా పట్టుకోవడం వాడికి నేర్పావనుకో, వారమంతా ఆ గుర్రం సుఖపడుతుంది. గుర్రం మీద ప్రేమ చూపించే దారి అక్కడ మనిషి గుండానే పోతుంది. ఇది తలకెక్కడానికి నాకు రెండు వేసవులు పట్టింది.

ఎవరికి ఏ గుర్రం అన్న సంగతి ఫారం చూసి తేల్చుకోకు. ‘బాగా అనుభవం ఉంది’ అని రాసే మగవాళ్లను ముఖ్యంగా నమ్మకు. కంచె దగ్గరికి ఎలా నడిచి వస్తున్నారో చూడు. చేతులు జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడ్డవాళ్లు భయపడుతున్నారు. తిన్నగా వెళ్లి గుర్రం మొహం మీద చెయ్యి వేసేవాళ్లను చూసి నువ్వు భయపడాలి.

మన ఇంట్లో గేదెలు ఉండేవని తెలుసుగా. మీ నాయనమ్మ పాలు పితకడానికి వెళ్తూ దూరం నుంచే ‘ఏమే, లేచావా’ అని పలకరించేది. తర్వాత మూపు మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తియ్యకుండా ఒంటి మీద జరుపుకుంటూ వెనక్కు వెళ్లేది. ర్యాంచ్‌లో గుర్రాల కొట్టంలో నాకు మొదటి రోజు పనికొచ్చింది అదే. గుర్రానికి చుట్టూ చాలా మేర కనిపిస్తుంది కానీ సరిగ్గా తోక వెనకా, ముట్టె కిందా కనిపించదు. అందుకే భుజం వైపు నుంచి మాట్లాడుతూ వెళ్లాలి. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకో. బెదిరిన గేదె ఒక్క క్షణం ఆలోచిస్తుంది. గుర్రం ముందు పరుగెత్తి తర్వాత ఆలోచిస్తుంది. పగ్గం చేతికి ఎన్నడూ చుట్టుకోకు, వేళ్లు పోతాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి. ఎనిమిది వేల అడుగుల ఎత్తున జూన్‌లో కూడా గడ్డి మీద మంచు పేరుకుంటుంది. పచ్చిక బయలు నుంచి ఎనభై గుర్రాలను తోలుకొచ్చి, మాలీసు చేసి, డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీసి, పదిహేను కిలోలకు పైబడిన జీనును రొమ్ము ఎత్తు దాటించి ఒక్కొక్కదానికీ వెయ్యాలి. నువ్వు జిమ్‌లో ఎత్తే బరువు కదలదు, ఇది పక్కకు జరుగుతుంది. జీను కింద వేసే దుప్పటిలో ముల్లంత గడ్డిపరక ఉన్నా ఆ రోజు పాడవుతుంది. అరచేత్తో తడిమి చూడు.

కడుపు పట్టీ సంగతి మరీ మరీ చెప్తున్నాను. పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. నాలుగడుగులు నడిచాక అది వదులవుతుంది. మనిషి ఎక్కేముందు మళ్లీ చూడాలి, బయలుదేరిన పావుగంటకు దిగి ఇంకోసారి చూడాలి. మూడో వేసవిలో ఒకరోజు నేను ఒకావిడకు దోసెపిండి పులియబెట్టడం గురించి చెప్తూ ఆ రెండోసారి మరిచిపోయాను. దిగుడులో జీను పక్కకు తిరిగింది. ఆవిడ మెల్లగా జారి పొదలో పడింది. దెబ్బ తగలలేదు. ఆ ముసలి గుర్రం, జీను కడుపు కింద వేలాడుతున్నా, కాలు కదపకుండా నిలబడింది. ఇంకో గుర్రమైతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

జీతం తక్కువే. తిండి, గది వాళ్లే ఇస్తారు, వారం చివర టిప్పులు వస్తాయి. ‘గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు’ అన్నట్టు, చలికాలంలో ఒక్క అతిథి లేకపోయినా ఒక్కో గుర్రం రోజుకు ఎనిమిది, తొమ్మిది కిలోల ఎండుగడ్డి తింటుంది. ఎనభై గుర్రాలకు దాదాపు 700 కిలోలు. మన జీతం సగం అక్కడికే పోతుందని నా అనుమానం. అక్టోబరుకు కొండల్లో పని అయిపోతుంది. ఆ తర్వాత చాలామంది అరిజోనా వైపు, వికెన్‌బర్గ్, టూసాన్ చుట్టుపక్కల ర్యాంచ్‌లకు వెళ్తారు. వాళ్ల సీజన్ చలికాలమే.

ఒప్పుకునే ముందు ఒకసారి వెళ్లి చూడు. అతిథుల గదులు కాదు, గుర్రాల మూపులు చూడు. జీను ఆనే చోట తెల్ల వెంట్రుకల మచ్చలు చాలా గుర్రాలకు ఉంటే, సరిపడని జీనులతో ఏళ్లుగా నలిపారని అర్థం. ఎంత బరువున్న మనిషి వరకు ఎక్కిస్తారో, వారానికి ఎన్ని సెలవులో అడుగు. ఈ ప్రశ్నలకు విసుక్కునేచోట చేరకు. నీతో వస్తానన్న ఆ అమ్మాయి చదువు వీసా మీద ఉంది కదా, అనుమతి లేకుండా ఇలాంటి పనిలో దిగవద్దని గట్టిగా చెప్పు.

నాకు అందులో ఏం దొరికిందని అడిగావు. లెక్కల పనిలో ఏ సాయంత్రమూ ‘ఇవాళ్టికి అయింది’ అనిపించేది కాదు. అక్కడ సాయంత్రం జీను దించగానే గుర్రం దుమ్ములో వెల్లకిలా పడి అటూ ఇటూ దొర్లి, లేచి ఒళ్లు విదిలిస్తుంది. అంతే, ఆ రోజు పని అయిపోయినట్టు. మోకాళ్లు మొరాయించకపోతే ఏడో వేసవికి కూడా వెళ్లేదాన్ని.

నా బూట్లు పార్సిల్ చేశాను. నీ పాదం నా పాదమేగా. మడమ ఎత్తుగా ఉందని అరగదీయించకు, జీనుకు వేలాడే రికాబులో పాదం దూరిపోకుండా ఆపేది అదే. ఎడమదానికి పక్క కుట్టు ఊడింది, కుట్టించుకో. ఆవకాయ సీసా విడిగా పంపుతాను. ఆదివారం దాకా మీ నాన్నకు ఫోన్ చేయకు, ముందు నేను మాట్లాడతాను.

మీ అత్తయ్య