ఏడో పేజీ

చిరంజీవికి,

రష్యన్ బాలే నర్తకుడు నిజిన్‌స్కీ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో అతని నాట్యబృందం యజమాని దియాగిలెవ్‌తో సంబంధం, మూడో పేజీలో పెళ్ళి, ఐదులో మతిభ్రమణం. నాట్యం ఏడో పేజీలో, అదీ నాలుగు వాక్యాలు. విందుకు పిలిచి వంటవాడి కాపురం గురించి చెప్పినట్టుంది.

దాచమనడం లేదు. ఆ పని చేసినవాళ్ళు ముందే ఉన్నారు. 1919లో అతను రాసుకున్న డైరీని భార్య రొమోలా 1936లో అచ్చు వేయించినప్పుడు చాలా భాగం కత్తిరించింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 1990ల దాకా పట్టింది. కాబట్టి దియాగిలెవ్ అతనికి ప్రేమికుడూ యజమానీ కూడా అని సూటిగా రాయి. యజమాని అన్న మాట మరీ ముఖ్యం. 1913లో బ్యూనస్ ఎయిర్స్‌లో పెళ్ళి చేసుకున్నాడు, కొలువు ఊడింది.

ఇక అతను కూర్చి తానే ఆడిన 'ఫాన్' బాలే దగ్గరికి రా. ఫాన్ అంటే సగం మనిషి, సగం మేక అయిన వనదేవత. 1912 మే 29, పారిస్‌లోని షాట్‌లే థియేటర్, దెబ్యుసీ సంగీతం. పట్టుమని పన్నెండు నిమిషాలు ఉండదు. తల పక్కకు, ఛాతీ మనవైపు, గ్రీకు కుండల మీది బొమ్మల్లాగా. మడమ ముందు ఆనించే నడక. (మన కూచిపూడివాళ్ళకు మడమ కొత్తేమీ కాదు, మునివేళ్ళ మీద బతికిన బాలేకు అది పెద్ద అపచారం.) గాలిలో తేలతాడని పేరుపడ్డవాడు ఇందులో గెంతేది ఒక్కసారే. చివర్లో వనకన్య విడిచివెళ్ళిన వస్త్రాన్ని ఎత్తుకెళ్ళి, రాతి మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుంటాడు. 'ఫిగారో' పత్రిక మొదటి పేజీలోనే మండిపడింది. శిల్పి రోడాన్ పేరుతో సమర్థన వచ్చింది.

ఆ కోరిక స్త్రీ మీదా, పురుషుడి మీదా అని అడిగావు. నాకైతే అది ఏ మనిషినీ చేరక గుడ్డతో సరిపెట్టుకోవడమే కనిపిస్తుంది. ఆ చోట ఇంకాస్త ఆగవలసింది.

1913లో అతను కూర్చిన మరో బాలే 'జ్యో' గురించి ఒక్క మాట. అందులోని ఇద్దరమ్మాయిలు నిజానికి ఇద్దరబ్బాయిలని డైరీలో ఉంది. వాడుకో. కానీ అది రాసింది ఆరేళ్ళ తరవాత, మనసు చెదిరిపోతున్న రోజుల్లో, దియాగిలెవ్ మీద కసితో. ఆ సంగతీ పక్కనే ఉండాలి.

ఏడో పేజీని ముందుకు తెచ్చి మళ్ళీ పంపు. ఆ ఫాన్ బాలేకి దే మెయర్ తీసిన ఫొటోలు దొరికితే, రాసే ముందు ఆ చేతులు చూడు.

ఆశీస్సులతో.